పిస్తోలుకి రసీదు

"నూకరాజూ! ఎవరయ్యా ఇక్కడ నూకరాజు? పిస్తోలు నూకరాజు!"

పోలీస్ స్టేషన్లో రాతకోతలు చూసే రైటర్ గారు అలా కేకేసేసరికి బెంచీ మీదున్న వాళ్ళందరూ నా నడుం వైపు చూసేరు. నడుంకి నల్ల తోలు పౌచీ, అందులో పిస్తోలు. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళేను.

నిన్నటి సంగతండీ ఇది. చోడవరంలో ఇప్పటికే సగం మందికి తెలిసిపోయింది. మిగతా సగానికి వాళ్ళు ఏవేవో కలిపి చెప్పేలోపు నేనే చెప్పేస్తే మేలు కదా అని కూర్చున్నాను.

ముందు ఆ పిస్తోలు సంగతి చెప్పాలి. అది లైటరు. అవునండీ, సిగరెట్టు ముట్టించుకునే లైటరు! మా మావయ్య వైజాగ్ ఎగ్జిబిషన్లో కొన్నాడు. చూడ్డానికి అచ్చం పిస్తోలే. బరువు కూడా ఉంటాది. ట్రిగ్గర్ నొక్కితే గొట్టం చివర చిన్న మంట వస్తాది, అంతే తేడా.

మావయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. ఊరి చివర చెరకు పొలాల్ని ప్లాట్లు చేసి అమ్ముతాడు. మూణ్ణెల్ల కిందట లీడరయ్యేడు. ఎలాగయ్యేడంటే, ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. కానీ ఎంత పెద్ద ఫ్లెక్సీ కట్టినా పెళ్ళిళ్ళలో ఆయనకి మూడో వరసలోనే కుర్చీ వేస్తన్నారు. అది మనసులో పెట్టుకుని ఒకరోజు నన్ను పిలిచేడు.

"ఒరే గుంటడా, ముందు వరసలో కూకున్నోళ్ళ ఎనకాతల ఏటుంటాదో ఎప్పుడైనా సూసేవా?"

"గోడ ఉంటాది మావయ్యా."

"గన్‌మేన్ ఉంటాడ్రా ఎదవా!"

నాకు ఉద్యోగం లేదు, ఎత్తు ఉంది. ఆ రెండూ చాలునన్నాడు మావయ్య. బూడిద రంగు సఫారీ కుట్టించేడు. నల్ల కళ్ళద్దాలు కొన్నాడు. పౌచీ చొక్కా లోపల పెట్టుకోనా అనడిగితే కోప్పడ్డాడు. "కనపడకపోతే గన్నెందుకురా? పైకి పెట్టు. ఆ పక్క చెయ్యి ఎక్కువ ఊపకు, అడ్డమొస్తాది."

మా అమ్మయితే కొత్త బండికి చేసినట్టే చేసింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, ట్రిగ్గర్‌కి దారంతో నిమ్మకాయ కట్టింది. మావయ్య నిమ్మకాయ తీయించేసి బొట్టు ఉంచేడు.

మొదటిరోజు దాన్ని కట్టుకుని బస్టాండు నుంచి మార్కెట్ దాకా నడిచేను. రోజూ నడిచే రోడ్డే. ఆ రోజు రోడ్డే వెడల్పయిపోయింది! "జరుగెహే" అని మీదకొచ్చే ఆటోవాడు హారన్ కొట్టడం మానేసి నా వెనకాల మెల్లగా వచ్చేడు. టీ కొట్టులో పేపర్ కప్పు తీసేసి నాకు గాజు గ్లాసులో ఇచ్చేరు. ఎవరో పెద్దాయన మాడుగుల హల్వా పేకెట్టు చేతిలో పెట్టి, "మా గట్టు తగువు సార్ చెవిలో ఒకసారి వెయ్యి బాబూ" అన్నాడు. ఆ తగువు ఎవరి చెవిలోనూ వెయ్యలేదు. హల్వా తినేసేను.

ఇదంతా ఒకెత్తు. శిరీష గారు ఒకెత్తు.

ఆవిడ బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేస్తారు. మిషన్ నడిచినప్పుడల్లా ఆకుపచ్చ వెలుతురు ఆవిడ మొహం మీద ఇటునుంచి అటు జారుతాది. ఆ వెలుతురుగా పుట్టినా బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. అంతవరకూ నాతో "చిల్లర తే బాబూ" తప్ప ఇంకో మాట అనలేదు. పిస్తోలు కట్టుకెళ్ళిన రోజు మాత్రం స్టూలు జరిపి "కూర్చోండి" అన్నారు. అండి! నాకు!

"మీకు భయం వెయ్యదా? నిజంగా ఎవరైనా మీదకొస్తే కాల్చేస్తారా?"

"అవసరమొస్తే," అన్నాను కళ్ళద్దాలు తీసి.

ఆ మాట నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆవిడ మీదకి పదిమంది రౌడీలు రావడం, నేను అడ్డం నిలబడ్డం, గుండు నా భుజానికి తగలడం, ఆవిడ చున్నీ చింపి కట్టు కట్టడం... అన్నీ కళ్ళ ముందుకొచ్చేసేయి. ఎడమ భుజమా కుడి భుజమా అన్నదొక్కటే తేలలేదు.

ఇంతలో ఎలక్షన్ కోడ్ వచ్చింది. ఆటోకి మైకు కట్టి, లైసెన్సు తుపాకులున్న వాళ్ళందరూ స్టేషన్లో అప్పగించాలని చెప్తన్నారు. ఆటో జిరాక్స్ షాపు ముందు నుంచే వెళ్ళింది.

"మీరింకా ఇవ్వలేదేటి? ఇవ్వకపోతే కేసంట కదా," అన్నారు శిరీష గారు కంగారుగా.

నా కోసం కంగారు! సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయి, ఆ వెంటనే భయపడిపోయి, మావయ్య దగ్గరికి పరిగెత్తేను. ఇవ్వకపోతే ఊళ్ళో అందరూ ఇదేదో బొమ్మదని అనుకుంటారు. ఇస్తే పోలీసులు చూసేస్తారు. ఏటి దారి?

మావయ్య మీసం దువ్వుకున్నాడు. "ఇచ్చీరా. పౌచీతో సహా ఇచ్చీ. రోజుకి ఎన్నొస్తాయి వాళ్ళకి, ఒక్కోటీ ఇప్పి సూస్తారేటి? రసీదు మాత్రం మర్చిపోకు. పోలీసు ముద్ర పడ్డాక దాన్ని ఇంక లైటరనే మగాడెవడ్రా?"

ఎంత తెలివి! నాకైతే నిజంగానే అలా అనిపించింది. ఆ రసీదుని శిరీష గారి చేత లామినేషన్ చేయించి జేబులో పెట్టుకోవాలని కూడా అనుకున్నాను.

అర్జీ ఆవిడే రాసిపెట్టేరు.

"ఆయుధం?"

"పిస్తోలు."

"గుళ్ళెన్ని?"

"ఎన్నుంటే బాగుంటాదండి?"

"నన్నడుగుతారేటి!"

"ఆరు రాయండి."

అలాగ నిన్న పొద్దున్న స్టేషన్‌కి వెళ్ళేను. బెంచీ మీద నా పక్కన రావికమతం వైపు నుంచొచ్చిన ముసలి రైతు ఒకాయన. ఒళ్ళో పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట.

"ఏటి తాతా అది?"

"తుపాకి నాయనా. సేలో పందుల్ని బెదరగొట్టడానికి." దుప్పటి చివర ఇంకా లోపలికి దోపుకున్నాడు. "రోడ్డు మీద ఎప్పుడూ పైకి తియ్యను. పిల్లలు జడుసుకుంటారు. నీదేటి నాయనా, అలా ఏలాడదీసీసేవు?"

"డ్యూటీ తాతా," అన్నాను. నిజం తుపాకి దుప్పట్లో దాక్కుంది, లైటరు డ్యూటీ చేస్తాంది!

అప్పుడే రైటర్ గారు నన్ను పిలిచేరు.

"లైసెన్సు పుస్తకం?"

"మా సార్ దగ్గరున్నాది సార్."

సార్ ఎవరో, నంబరెంతో అడిగి ఫోన్ చేసేరు. స్పీకర్లో పెట్టేరు.

"నూకరాజా? ఏ నూకరాజండి?" అంది మావయ్య గొంతు.

"మీ అక్క కొడుకునంటన్నాడు."

"లీడర్ని కదండీ. ఊళ్ళో అందరూ నాకు అక్కలే," అని పెట్టేసేడు.

మా అమ్మకి తమ్ముడొక్కడే. ఆయనకి అక్క ఒక్కతే. రాఖీ కూడా మొన్నే కట్టింది.

రైటర్ గారు కలం కింద పెట్టేరు. "ఆధార్ తెచ్చేవా?"

"మర్చిపోయేను సార్."

అర్జీ ఎక్కడ రాయించేనో అడిగి, ఆ జిరాక్స్ షాపుకి ఫోన్ చేసి నా పేరు చెప్పి కాపీ ఏమైనా ఉందేమో కనుక్కున్నారు. ఉందంట, శిరీష గారే తెస్తారంట.

"సరే, ఈలోపు అది అన్‌లోడ్ చేసి బల్ల మీద పెట్టు."

పౌచీలోంచి తీసేను. అన్‌లోడ్ అంటే ఎక్కడ లాగాలి? ఇటు తిప్పేను, అటు తిప్పేను. నేను ఎటు తిప్పితే అటున్న వాళ్ళు వంగిపోతన్నారు. ఒక కానిస్టేబుల్ గారు బీరువా వెనక్కి వెళ్ళిపోయేరు. "గొట్టం నేలకి పెట్టు నాయనా, గొట్టం నేలకి!" అని తాత అరుస్తన్నాడు. ఆ కంగారులో వేలు పడిపోయింది.

టిక్.

గొట్టం చివర మంట. నిమ్మళంగా వెలుగుతాంది. పైన ఫ్యాను తిరుగుతన్నా ఆరలేదు. మంచి లైటరే, అది మాత్రం ఒప్పుకోవాలి.

లోపలి గదిలోంచి ఎస్సై గారు వచ్చేరు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో శిరీష గారు, చేతిలో రెండు కాగితాలు.

"ఏటిరా ఇది?" అన్నారు ఎస్సై గారు.

"మంట సార్."

"అది కనపడతాంది. ఇదేటి? దీనికి బొట్టేటి?"

పిస్తోలు తీసుకుని ఊది ఆర్పేరు. అటూ ఇటూ చూసేరు. ఆయన మొహంలో నవ్వు లేదు. "బొమ్మదైనా సరే, నడుంకి కట్టుకుని జనాన్ని బెదిరిస్తే కేసు పెడతాను, తెలుసా? ఉన్నదంతా చెప్పు. ఒక్కటి దాచేవంటే లోపలేస్తాను."

లోపలేస్తానన్నాక ఇంకేటి దాస్తానండీ! మొదలెట్టేను. ఎగ్జిబిషన్ చెప్పేను, సఫారీ చెప్పేను, మూడో వరస కుర్చీ చెప్పేను. ఆరు గుళ్ళు లేవు, ఒక్క గుండు కూడా లేదు అని చెప్పేను. గట్టు తగువు ఎవరికీ చెప్పకుండా హల్వా తినేసేనని కూడా చెప్పేను. తాత తల పట్టుకున్నాడు. శిరీష గారు మాత్రం నా వైపే చూస్తన్నారు, నేను కాల్చేస్తానని నమ్మిన కళ్ళతో. ఆ నమ్మకం నా ఒక్కో మాటకీ ఒక్కో మెట్టు దిగిపోతాంది.

ఎస్సై గారు ఆవిడ చేతిలో కాగితాలు తీసుకున్నారు. "వీడి ఆధార్ మీ దగ్గరెలాగుందమ్మా?"

"మా కంప్యూటర్లో ఎప్పుడూ ఉంటాది సార్. రోజూ వస్తారు. రోజూ రెండు కాపీలు తీయించుకుంటారు."

"రోజూనా?" ఎస్సై గారు నా వైపు తిరిగేరు. గొంతు మళ్ళీ గట్టిబడింది. "రోజూ రెండు కాపీలు ఎక్కడ పెడతన్నావురా? ఎవరి పేరు మీద సిమ్ములు తీస్తన్నావు? చెప్పు!"

కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే ఆవిడ కనపడతారు.

"ఎక్కడా పెట్టలేదు సార్! అన్నీ ఇంట్లో పాత బియ్యం డబ్బాలో ఉన్నాయి సార్, మూత పట్టట్లేదు. నాకు ఆధార్ జిరాక్సుతో ఈ జన్మలో పని పడలేదు సార్... శిరీష గారంటే ఇష్టం సార్!"