నోరు మెదపని ఆదివారాలు

చెన్నకేశవులు రైలెక్కితే పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఆ పెట్టెలో ఎవరికీ కునుకు పట్టదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఎదుట కూర్చున్న మనిషి ఊరేది, సేద్యమెంత, ఈసారి చెనక్కాయ ఎట్లుంది, పిల్లలెందరు, వాళ్లలో మాట వినేదెవరు, అన్నీ రాబట్టి, దానికి రెండింతలు తనది చెప్పుకుంటేగానీ దిగడు. దిగాక కూడా కిటికీ పట్టుకుని రైలుతోబాటు నాలుగడుగులు నడుస్తాడు. అట్లాంటి మనిషి నోరు మూసుకుని తిరగాల్సి వచ్చింది. అది పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం.

ఆ ఉగాది నాడు తలంటుకుంటుండగా అతని భార్య గంగులమ్మ చేతికి ఎడమ రొమ్ములో ద్రాక్షపండంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి మొగుడికి చెబితే, అతను బతిమాలి హిందూపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె చూసి, చేతులు కడుక్కుంటూ, "వారం లోపల బెంగుళూరు పెద్దాసుపత్రికి పోండి. కోసి తీసేయాల. ఆలస్యం చేయొద్దు" అంది.

బయటికొచ్చి గంగులమ్మ చెట్టుకింద చతికిలబడింది. "ఆడమనిషి కాబట్టి ఈమెకు చూపించినా. బెంగుళూరులో మొగ డాక్టర్లుంటారు. నేను రాను. రాచపుండు మీద కత్తి పడితే ఒళ్లంతా పాకుతాదంట."

అప్పుడే ఎవరో తాడిమర్రి అవతల గొర్రెలు మేపుకునే నరసప్ప పేరు చెప్పారు. అతనిచ్చేది ఆకుమందు. రోగి రావక్కర్లేదు, గడ్డ చూపించక్కర్లేదు. గంగులమ్మకు అంతకన్నా ఏం కావాలి? దుడ్లు కూడా తీసుకోడు, టెంకాయ ఒకటి చాలు. అయితే కట్టుబాట్లు రెండు. రోగి మూడు నెలలు ఉప్పు, పులుపు ముట్టకూడదు. మందు తెచ్చే మనిషి, అది చేతిలో పడిన ఘడియ నుంచి రోగి నోట్లో పడేదాకా, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు.

"మాట్లాడితే?" అని తాడిమర్రికి పోయినప్పుడు అడిగాడు చెన్నకేశవులు.

"ఆకు సత్తువ నీ మాటతో పోతాదప్పా. మిగిలేది గడ్డి" అన్నాడు నరసప్ప.

ఆదివారం ఆదివారం మందు తేవాలి. మోదుగాకులో చుట్టిన పచ్చటి ముద్దను నడుముకు కట్టుకుని, తాడిమర్రి నుంచి ధర్మవరం దాకా బస్సు, అక్కడి నుంచి పెనుకొండ దాకా రైలు. మొదటి ఆదివారం తువ్వాలుతో మూతి బిగించి కట్టుకున్నాడు. పంటినొప్పి అనుకుని పెట్టెలో ఆరుగురు ఆరు వైద్యాలు చెప్పారు. ఒకావిడ బలవంతంగా లవంగం చేతిలో పెట్టింది.

రెండో ఆదివారం ధర్మవరం స్టేషన్లో వియ్యంకుడు శ్రీరాములు ఎదురుపడ్డాడు. "ఏం బావా, బాగుండావా?" అన్నాడు. చెన్నకేశవులు తలాడించి, చేతులూపి, ఆకాశం చూపించి, పొట్ట చూపించాడు. శ్రీరాములు ముఖం మాడ్చుకున్నాడు. "పెండ్లిలో మర్యాద తక్కువైందని ఇంకా కడుపులో పెట్టుకోనుండావా? సరేలే" అని ఇంకో పెట్టె ఎక్కాడు. ఆ మంట చల్లారడానికి ఏడాది పట్టింది. అయినా ఆ రోజు చెన్నకేశవులు నోరు మెదపలేదు.

మూడో ఆదివారం ఎదురుగా ఒక బట్టతలాయన కూర్చున్నాడు. ఆ బల్ల మీదున్నవాళ్లందరికీ ఎద్దుల గురించి చెప్తున్నాడు. "కదిరి తిరునాళ్లలో బండలాగి గెలిచిన ఎర్రెద్దు ఉండాది చూడు, అది నాదే. ఈ చేత్తో పెంచినా."

ఆ ఎర్రెద్దు చెన్నకేశవులుది. తువ్వాలు పళ్లతో కొరికిపట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. పోనీలే, ఎద్దును దొంగిలించలేదు కదా, మాటే కదా అనుకున్నాడు.

"దాని కుడికొమ్ము వంకర. అదే దానికి అందం" అన్నాడు బట్టతలాయన.

"ఎడమ కొమ్మప్పా!" తువ్వాలు ఎప్పుడు ఊడిందో చెన్నకేశవులుకే తెలియదు. "ఎడమది వంకర! ఆ ఎద్దు మాది. దాన్ని ఈనిన ఆవూ మాదే!"

పెట్టెంతా గొల్లుమంది. ఒకసారి కట్ట తెగాక ఇంకేముంది, పెనుకొండ వచ్చేదాకా ఎద్దు చరిత్ర సాగింది. దిగి, రైలు కదిలాక, చేయి నడుము దగ్గరికి పోయింది. మోదుగాకు పొట్లం తగిలింది. అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాడు.

తిరిగి తాడిమర్రికి పోవచ్చు. నరసప్పకు ఏమని చెప్పుకోవాలి? ఎద్దుకొమ్ము కోసమని చెప్పాలా? ఇంటికి పోయాడు. గంగులమ్మ ఆ ముద్దను నీళ్లలో కలుపుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టి తాగింది. అతను చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ బండరాయిలా వచ్చాడు, పోయాడు. పరిహారంగా తనూ ఉప్పు మానేశాడు, ఎవరికీ చెప్పకుండా. గడ్డ మాత్రం తగ్గలేదు. ద్రాక్షపండు నిమ్మకాయంత అయింది, పైన చర్మం లోపలికి లాక్కుంది. చప్పిడి సంగటి తిని తిని గంగులమ్మ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

మూడు నెలలు నిండే రోజు పగలు ఆమె వంటింట్లో ఏడుస్తోంది.

"నా వల్లే అయ్యింది. ఊరగాయ పెట్టే రోజు ఉప్పు సరిపోయిందా లేదా అని రవంత నాలిక్కి రాసుకున్నా. ఒక్క రవ్వ. దాంతోనే మందు చెడింది. నా చేతులారా చేసుకున్నా."

చెన్నకేశవులు నోరు తెరిచాడు. ఆ నింద ఆమె తల మీదనే ఉంటే తన ఎద్దు సంగతి ఎవరికీ తెలియదు. ఇన్ని ఆదివారాలు అంత కష్టపడి మూసుకున్న నోరు, తెరవాల్సిన ఆ రోజు తనంతట తానే మూసుకుంది. సాయంత్రం దాకా పెరట్లో ఎద్దు దగ్గరే కూర్చున్నాడు. ఎద్దు నెమరేస్తూ ఎడమ కొమ్ము స్తంభానికి రుద్దుకుంది.

తెల్లవారి ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాడు. తువ్వాలు, బట్టతల, కొమ్ము, పెట్టె గొల్లుమనడం, ఏదీ దాచలేదు.

గంగులమ్మ చెరుగుతున్న చేట ఆపింది. "కొమ్ము కోసమా?"

"కొమ్ము కోసమే."

"నీ నోట్లో మన్నుబొయ్య! మూడో వారం నాతో వట్టి గడ్డి తాగించినావు గదయ్యా!" అని చేతిలోని చేట విసిరింది. అది తగల్లేదు. తర్వాత పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "నువ్వు మాట్లాడినావు, నేను ఉప్పు నాకినా. ఇంక నరసప్పను ఏమనేది? పద, ఆ బెంగుళూరికే పోదాం. ఎవరు చూస్తే ఏమిప్పుడు."

బెంగుళూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కన్నడంలో అడిగాడు, ఇన్నాళ్లూ ఏం చేశారని. హిందూపురం సీమలో కన్నడం రానివాళ్లు తక్కువే, చెన్నకేశవులుకు బాగానే వచ్చు. అయినా తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ నిలబడ్డాడు. డాక్టరు చంక కింద వేళ్లతో నొక్కి చూసి, అతన్ని వరండాలోకి పిలిచి ఇంకో నాలుగు మాటలు చెప్పాడు.

లోపలికి వచ్చేసరికి గంగులమ్మ మంచమ్మీద లేచి కూర్చుంది. "ఏమన్నాడు?"

ఏమీ లేదు, తగ్గిపోతాదన్నాడు అని అనేయొచ్చు. అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"చంకలోకి పాకిందంట. ఉగాదప్పుడే వచ్చుంటే బాగుండేదన్నాడు. రేపు కోస్తాడు. కోసినాక కూడా చెప్పలేనన్నాడు."

ఆమె గోడవైపు తిరిగింది. మాట్లాడకూడదని ఆ గోడమీద కన్నడంలో రాసి ఉంది. మళ్లీ ఇటు తిరిగింది.

"ఊరికే కూర్చోవద్దు. నువ్వు మాట్లాడకుంటే నాకు భయమైతాది. ఆ రైల్లో చెప్పినావే, ఎద్దు సంగతి, అదే చెప్పు."

చెన్నకేశవులు మొదలుపెట్టాడు. "మన ఎర్రెద్దు పుట్టినప్పుడు… వాన కురుస్తాండాది. దూడను చూస్తే ముఖమంతా తెలుపు. పెరిగే కొద్దీ కుడికొమ్ము వంకర తిరిగి…"

"ఎడమది" అంది గంగులమ్మ.