గాజులు ఎక్కిన చేయి

పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను కింద నా కుడి చేయి నలిగింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లు మూసుకోవు, నీళ్ల గ్లాసు పట్టుకున్నా జారిపోతుంది. ఓనరు పంపిన డాక్టరు మాత్రం చేయి బాగైంది, పనికి పోవచ్చు అని రాసిచ్చాడు. ఆ మాటే నిలబడితే నాకు నష్టపరిహారం రాదు. లేబర్ ఆఫీసుకు పోయి మొత్తుకుంటే, పై ఊళ్లో పెద్దాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించుకోమన్నారు.

దెబ్బ తగిలినప్పటి నుంచి ఆ చేతికి గాజులు లేవు. బయలుదేరే పొద్దున మా ఆయన అక్క వచ్చి అది చూసింది.

"ఏందిమే, మొగుడు గుండ్రాయి మాదిరి ఉంటే బోడి చేత్తో ఊరు దాటతావా?"

"చెయ్యి చూపిచ్చుకోను పోతాండా వదినా, పెండ్లికి కాదు."

"అయితే మాత్రం? ఆ డాక్టరు మనల్ని గతి లేనోళ్లు అనుకోడూ?"

చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి, సబ్బు రాసి, ఒక్కో గాజూ తోసింది. నేను కొంగు పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. వద్దని చెయ్యి లాక్కోలేదు. పెద్ద డాక్టరు ముందు దిక్కులేని దానిలా నిలబడకూడదని నాకూ ఉండింది.

డాక్టరు చేయి ముట్టుకోకముందే గాజులు చూశాడు.

"వేళ్లు ముడుచుకోవంటున్నావు. మరి ఇవెలా ఎక్కాయమ్మా?"

"మా వదిన తోసింది సార్. శానా నొప్పి పుట్టింది."

"నొప్పి చేతికి ఎవరైనా గాజులేస్తారా?" అని పక్కనున్న నర్సును చూసి నవ్వాడు.

ఒక వేలు వంచాడు. ప్రాణం పోయినంత పనైంది. అయినా పరాయి మగవాడి ముందు అరవడమేంటని పళ్లు బిగబట్టాను. అదీ నాకు చేటైంది. మొదటి డాక్టరు మాటే ఈయనా రాశాడు. ఇద్దరూ ఒకటే చెప్పినాక మేమేం చేస్తామన్నారు లేబర్ ఆఫీసులో.

ఇంటికి వచ్చేసరికి వదిన వాకిట్లోనే ఉంది.

"ఏమన్నాడు?"

"గాజులు బాగుండాయి అన్నాడు."

ఆమె నా చేయి పట్టి చూసింది. చేయి వాచి గాజులు కండలోకి దిగుతున్నాయి. ముత్తయిదువ గాజులు పగలగొట్టకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, తనే పోయి రోటి పొత్రం తెచ్చింది.

ఆ తర్వాత వయోజన విద్యా కేంద్రంలో చేరి, ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకున్నాను. ఇదీ ఆ చేత్తోనే రాస్తున్నాను. ఆ డాక్టరు చూస్తే, ఈమెది పుట్టుకతోనే ఎడమచేతి వాటం, కుడి చేత్తో పనేముంది అని రాసిస్తాడు.