కరెంటు తీసినందుకు ఆఖరి ర్యాంకు

సబ్‌స్టేషన్ గోడకి అంటించిన ర్యాంకుల కాగితంలో అందరికంటే కింద సురేంద్ర పేరుంది. తోటి లైన్‌మేన్ ముసలయ్య కిసుక్కున నవ్వాడు.

"ఏం తమ్ముడూ, మీ ఊళ్ళో కరెంటు కంటే చీకటే ఎక్కువంటగా!"

ఏడాదిలో ఎవరి లైన్ తక్కువసార్లు ఆగితే వాళ్ళు గొప్ప. సురేంద్ర చూసేది గోదావరి పాయ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. కొత్త పడవ కడితే ట్రాక్టరు మీద వీధిలోంచి రేవుకి తోలతారు. తీగలకి తగులుతుందని ముందు అతనికే కబురు. అతనొచ్చి కరెంటు తీసి, పడవ దాటేదాకా స్విచ్ దగ్గరే నిలబడతాడు. పడవకి కొట్టిన కొబ్బరికాయలో ఓ చెక్క అతని చేతిలో పెట్టందే వాళ్ళు కదలరు. దేవుడి దయవల్ల ఇన్నేళ్ళలో ఒక్కరికీ షాక్ కొట్టలేదు.

"ఎవరూ చావనందుకు మార్కులుండవాండీ?" అని ఏఈ ఫణీంద్రగారిని నిలదీశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "జరగనిది కంప్యూటర్‌కి ఎక్కదయ్యా. లైన్ ఇన్‌స్పెక్టర్ అవ్వాలని లేదా? ఈ ఏడాదైనా లైన్ ఆపకు."

సురేంద్రకి ఒళ్ళు మండిపోయింది. దణ్ణం పెట్టుకోకుండా ఏనాడూ స్తంభం ఎక్కని మనిషి! ప్రాణాలు కాపాడటం తప్పెలా అయింది? ఆ రోజు నుంచి డ్యూటీకి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. ఆ ఊళ్ళో తలుపులమ్మ వాళ్ళ కొత్త పడవ బయల్దేరే రోజు ఆవిడ ఫోన్ మోగుతుంటే, కావాలనే ఎత్తలేదు.

కాసేపటికి మనసాగక బండి మీద వెళ్ళాడు. పడవ మీద నిలబడి తలుపులమ్మ మొగుడు పచ్చి వెదురుగడతో తీగ పైకెత్తబోతున్నాడు!

"ఆగు బావా!" పరుగెత్తి స్విచ్ దించేశాడు.

"ఫోనెత్తకపోతే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం తమ్ముడూ," అంది తలుపులమ్మ. "నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని మీ బావే ఎక్కేశాడు."

తిట్టినా బాగుండేది.

అంతలోనే ఫణీంద్రగారి ఫోను. "మళ్ళీ ఆగిందేంటయ్యా? కొమ్మ పడిందని రాసేస్తాలే, నీ లెక్కలోకి రాదు."

"కొమ్మెక్కడ పడిందండీ? నేనే తీశాను. తియ్యకపోతే ఈపాటికి ఇక్కడ శవం ఉండేది. అదే రాయండి."

"రాయడానికి చోటెక్కడుందయ్యా?"

"చోటు లేకపోతే పెట్టించండి! మనిషి ప్రాణానికి చోటు లేని కాగితం గోడకెందుకండీ? నాకు ఆఖరి ర్యాంకే ఇచ్చుకోండి. పడవింకా తీగల కిందే ఉంది, ఉంటాను."

ఫోన్ జేబులో పడేసి, "గడ కింద పడెయ్ బావా! ట్రాక్టరు పోనీండి, నెమ్మదిగా..." అని కేకేశాడు.