రెబెక్కమ్మ నిలబెట్టిన తాటిచెట్లు

మా అవ్వ రెబెక్కమ్మకు ఒక అలవాటుండేది. అబద్ధం చెప్పబోయే ముందు ఒక పట్టు ముక్కుపొడి గట్టిగా పీల్చేది. ఊళ్ళో ఎవరూ ఈ సంగతి కనిపెట్టలేదు కాబట్టి ఆమెకు సత్యవంతురాలని పేరు. కనిపెట్టినవాడు మా తాత క్రీస్తుదాసు ఒక్కడే. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, "ఈ ఊరి ఉప్పుకే ఉప్పదనం ఎక్కువ" అన్నదంట. "పొడి పీల్చి మరీ చెప్తా ఉండావే, అబద్ధమా?" అని తాత పొట్ట పట్టుకుని నవ్వినాడంట.

ఆమె పుట్టింది బిట్రగుంటలో. వాళ్ళ నాయన రైలు షెడ్డులో బొగ్గు మోసేవాడు. పొగ, కూత తప్ప వేరే లోకం ఎరగని పిల్ల. కాపురానికి వస్తూ బోగోలుకు తూర్పున కాలవ దాటి, ఇసుకదిబ్బలెక్కి, మొట్టమొదటిసారి సముద్రాన్ని చూసి, "అవతలి గట్టు యాడుంది?" అని అడిగింది. ఆమె ముసలిదైపోయాక కూడా ఊళ్ళో వాళ్ళు, "రెబెక్కమ్మా, అవతలి గట్టు కనపడిందా?" అని పలకరించేవాళ్ళు.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. ఆ మొగ దగ్గర ఒక పాత దీపస్తంభం. తాత అందులో దీపం వెలిగించే పనివాడు. యాభైల చివర్లో కొత్త దీపం ఇంకోచోట కట్టారు. పాతదాంట్లో దీపం ఆరిపోయి, తాత కాపలావాడుగా మిగిలాడు. చిత్రమేమంటే, దీపం ఉన్నన్నాళ్ళు ఎవరూ తొంగిచూడని ఆ స్తంభాన్ని చూడ్డానికి అది ఆరిపోయాక జనం రావడం మొదలుపెట్టారు. ఆదివారాలు, సెలవు రోజులు కావలి నుంచి, నెల్లూరు నుంచి బోగోలు దాకా బస్సులో, అక్కడి నుంచి ఎద్దుబండిలో, కాలవ మీద పడవలో పులిహోర పొట్లాలు మోసుకుని వచ్చేవాళ్ళు. సముద్రంలో కాళ్ళు తడుపుకుని, సరుగుడు తోపులో తిని, చివరికి రొప్పుకుంటూ స్తంభం ఎక్కేవాళ్ళు.

పైన కమ్మీ పట్టుకుని తాత చెయ్యి చాపి అన్నీ చూపించేవాడు. పడమర నీలంగా వెలికొండలు. ఇటు కాలవలో తెల్ల తెరచాపల పడవలు. అటు ఏరు మెలిక తిరిగి సముద్రంలో పడే చోట రెండు రంగుల నీళ్ళు. అన్నీ అయ్యాక ఆఖరున గొంతు తగ్గించి, "ఆ ఏటి గట్టున జంట తాటిచెట్లు చూసినారా? వాటి మధ్య మా పాప ఉండాది" అనేవాడు.

పాప అంటే మా మేనత్త జయశీల. బడికి పొమ్మంటే స్తంభం ఎక్కి కూర్చునే పిల్ల. వేటనుంచి తిరిగొచ్చే పడవలను పైనుంచి పేరు పెట్టి పిలిచేదంట. ఒక వానాకాలం జ్వరమొచ్చింది. మంచం మీద వేసుకుని కాలవ దాటించేలోపే పోయింది. పైనుంచి కనపడుతుందని తాతే ఏటి గట్టు మీది సమాధుల తోటలో ఆ చోటు ఏరుకున్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే స్తంభమెక్కి, సముద్రం కంటే ముందు ఆ చెట్ల వైపు చూసేవాడు. అవ్వ ఆయనను "జయశీల నాయనా" అని పిలిచేది. పాప పోయాక కూడా ఆ పిలుపు మార్చలేదు. కొడుకు, అంటే మా నాయన క్రీస్తురాజు, నాయుడుపేట రైసుమిల్లులో పనికి కుదిరినా, వాడి పేరు మీదికి పిలుపు మళ్ళలేదు.

తర్వాత తాతకు కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు మసకబారింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడు నెల్లూరు డాక్టరు. ఉన్నది కూడా పోయింది. కాపలావాడికి కళ్ళు లేవని పైఅధికార్లకు తెలిస్తే స్తంభం దిగిపొమ్మంటారు. అందుకని అవ్వ పొద్దున్నే నీళ్ళకడవ చంకనెత్తుకుని ఆయన వెనకే ఎక్కేది. ఆమె ఎక్కుతుంటే స్తంభానికే ఆయాసం వస్తుందని ఊళ్ళో పరాచికం. పైకెక్కి, ఊపిరి తీసుకుని, కనపడినవన్నీ ఆయనకు చెప్పేది. కాలవలో ఎన్ని పడవలు, ఏటి పోటు ఎంతవరకు, కొండలకు మబ్బుందా లేదా. తాత పాఠంలా పట్టేసి వచ్చినవాళ్ళకు అప్పజెప్పేవాడు. ఒకసారి చెప్పిన పడవ ఈలోగా వెళ్ళిపోయింది. "లేదే?" అని వచ్చినవాళ్ళు అడిగితే, "మావాళ్ళకి తొందరెక్కువ సార్, రెప్పేస్తే పోతారు" అన్నాడు.

కాలవా కొండలూ అందరికోసం. చెట్ల కబురు మాత్రం తనకోసం. "చెట్లుండాయా రెబెక్కా?" అని చివర్న అడిగేవాడు. "ఉండాయి" అని ఆమె అనేదాకా కమ్మీ వదిలేవాడు కాదు.

అరవైల్లో ఒక ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన. ఊరంతా స్తంభం అడుగు గదిలో ఒకరి మీద ఒకరు పడి తలదాచుకున్నారు. తెరిపిచ్చాక మొదట పైకెక్కింది అవ్వ. ఏరు గట్టు తెగింది. మొగ దక్షిణానికి జరిగింది. సమాధుల తోట ఉన్నచోట ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. చెట్లు లేవు. శిలువలు లేవు. గట్టే లేదు.

ఆ స్తంభం కడవలాంటిది. పైన గుసగుసలాడినా అడుగు మెట్టు మీద వినపడుతుంది. కొత్తజంటలు అది తెలియక పైన ఆడుకున్న ముచ్చట్లు అవ్వ ఎన్ని వినిందో రాస్తే చదివేవాళ్ళు చెవులు మూసుకోవాలి. ఆ రోజు అడుగు మెట్టు మీద తాత నిలబడి ఉన్నాడు.

"రెబెక్కా! చెట్లుండాయా?"

అవ్వ నడుమున దోపుకున్న డబ్బీ తీసింది. పట్టెడు పొడి పీల్చింది.

"ఉండాయి జయశీల నాయనా. ఒకటి కొంచెం వంగింది."

అబద్ధమాడేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియదు. ఉండాయి అని ఊరుకోవచ్చు కదా. వంపు పెట్టినందుకు ఆ చెట్టు ఎటు వంగిందో, ఎంత వంగిందో బతికినన్నాళ్ళు గుర్తు పెట్టుకోవలసి వచ్చింది. ఆయనకు చూపు పోయింది కాబట్టి ముక్కుపొడి పీల్చడం చూసి కనిపెడతాడన్న బెడద తీరిందని మాత్రం ధైర్యపడింది.

ఈస్టరు వచ్చింది. మావాళ్ళు ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల తోటకు పోయి, సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడతారు. తోట లేదు. దిబ్బ వెనక అవ్వ తన చేతులతో ఇసుక గుట్ట పోసి, సరుగుడు కర్రతో శిలువ కట్టి, తాత చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆయన గుట్టను తడిమి చూసి, "గాలివానకి ఇసక మేట వేసినట్టుండాదే" అన్నాడు. "అవునవును" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. పాదిరిగారు ప్రార్థన చేస్తే, ఊరంతా ఆ అబద్ధానికి ఆమెన్ అన్నారు. తమవాళ్ళ సమాధులూ పోయినవాళ్ళే అందరూ. ఆ గుట్ట మీద తలా ఒక కొవ్వొత్తి పెట్టి వాళ్ళూ ఏడ్చారు.

ఊరి సంగతి సరే. వచ్చేపోయేవాళ్ళతోనే పెద్ద చిక్కు. ఎవరొచ్చినా అవ్వ నీళ్ళకడవతో వెనకే ఎక్కేది. తాత చెట్ల మాట ఎత్తగానే ఆయన వెనక నిలబడి, నోటిమీద వేలుపెట్టి, చేతులు జోడించేది. మనుషులు మంచివాళ్ళే. అర్థం చేసుకుని, "ఆ, కనపడతా ఉన్నాయి" అనేవాళ్ళు. కావలి ప్లీడరు ఒకాయన మాత్రం మరీ ఉత్సాహపడి, "కాయలు కూడా విరగకాశాయే!" అన్నాడు. తాత దిగొచ్చి, "కాయలు కాసినాయంట, నువ్వు నాకు చెప్పనే లేదు! పాపకి ముంజలంటే ప్రాణం గదా" అని అలిగి కూర్చున్నాడు. అవ్వ ఆ ప్లీడరును తిట్టుకుంటూ ఎండలో బోగోలు పోయి ముంజలు కొని తెచ్చింది. తాత ఒకటి తిని, ఒకటి పాపకని దిబ్బ వెనక పెట్టి వచ్చాడు.

అలా నడిచిపోతుండగా అవ్వ మోకాలు వాచింది. రెండు మెట్లెక్కితే మూడో మెట్టుకు ప్రాణం పోయేది. అడుగు మెట్టు మీద కాపు కాసి, ఎక్కబోయేవాళ్ళను ఆపి, జరిగింది చెప్పి, "మీ పుణ్యముంటాది, ఉండాయని చెప్పండి" అని బతిమాలుకునేది.

ఒక ఆదివారం సంగం నుంచి పద్మనాభయ్య అనే రైతు, ఆయన భార్య ఇందిరమ్మ వచ్చారు. ఆయనకు అవ్వ అంతా చెప్పింది. ఆయన తల ఊపి పైకెళ్ళాడు. ఇందిరమ్మ ఇసుకలో గవ్వలు ఏరుకుంటూ వెనకబడింది. ఆమె వచ్చి మెట్లెక్కే వేళకు అవ్వ గంజి పొంగుతోందని ఇంట్లోకి వెళ్ళి ఉంది. తిరిగొచ్చి అడుగు మెట్టు మీద కూలబడేసరికి పైనుంచి మాటలు దిగుతున్నాయి.

"ఆ జంట తాటిచెట్లు చూసినారా?" అన్నది తాత గొంతు.

"ఆ, చూశాం" అన్నాడు పద్మనాభయ్య.

"ఏ చెట్లండీ? అక్కడంతా నీళ్ళే కదా!" అన్నది ఇందిరమ్మ.

కడవలాంటి స్తంభం కదా, ఆ మాట మెట్టుమెట్టుకూ తగులుకుంటూ కిందికి వచ్చి అవ్వ ఒళ్ళో పడింది.

చాలాసేపటికి తాత గొంతు మెల్లగా, "ఎండకి కళ్ళు చెదరతాయి తల్లీ" అన్నది.

ముందు ఆ దంపతులు దిగారు. విషయం మొగుడి దగ్గర విన్నదేమో, ఇందిరమ్మ కళ్ళనిండా నీళ్ళు. "అక్కా, నాకు తెలియదక్కా" అని అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. "నీదేముందమ్మా. ఉన్నమాటే గదా అన్నావు" అన్నది అవ్వ. గోడ తడుముకుంటూ తాత దిగాడు. గంజి తాగాడు. "మోకాలు సలుపుతా ఉందా?" అని ఆముదం వేడి చేయించి, తనే కూర్చుని రాశాడు. ఆమె ఎన్నోసార్లు నోరు తెరవబోయింది. డబ్బీ కోసం నడుము తడుముకుంది. అది దొరకలేదు.

మర్నాడు పొద్దున తాత ఒక్కడే స్తంభం ఎక్కాడు. ఆమె అడుగు మెట్టు మీద కూర్చుంది.

"రెబెక్కా! నువ్వు ఎక్కలేవు గదా. ఇయ్యాల నేను చెప్తా, నువ్వు విను."

"చెప్పు."

"కాలవలో పడవలు పోతా ఉండాయి. కొండలకి మబ్బు లేదు."

"ఊఁ."

తర్వాత గట్టిగా పొడి పీల్చిన చప్పుడు. ఆ వెనకే, అలవాటు లేని మనిషి కదా, స్తంభమంతా అదిరేట్టు ఒక తుమ్ము, ఇంకో తుమ్ము.

తన డబ్బీ ఎక్కడికి పోయిందో అవ్వకు తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. ఆయనకు పోయింది కళ్ళే గాని చెవులు కాదు. గాలివాన నాడు ఆమె పైన పీల్చిన పొడి, ఆ తర్వాత పొద్దునపొద్దునా ఆయన పక్కనే నిలబడి పీల్చిన పొడి, ఆయన వింటూనే ఉన్నాడు. ఇసుక గుట్ట మీద కొవ్వొత్తి పెట్టడం, ముంజలకు అలగడం, అంతా ఆయన తెలిసే చేశాడు.

"చెట్లుండాయి రెబెక్కా" అన్నాడు తాత, ముక్కు తుడుచుకున్న గొంతుతో. "ఆ వంగిన మాను ఉండాదే, అది లేచి నిలబడింది."

పైకి ఏడుపు వినపడకుండా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పైన ఆయన కమ్మీ వదలకుండా ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుసు. కొంగు తీసి, గొంతు సరిచేసుకుంది.

"ఉంటాయిలే. దిగి రా జయశీల నాయనా, గంజి చల్లారిపోతా ఉంది."