మా ఆవిడ కోటకు నా ఖండన

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళం ఆదివారం మధ్యాహ్నాలు ఒక మిత్రుడి ఇంటి బేస్‌మెంట్‌లో కలుస్తాం. ఒకరు ప్రసంగించాలి, ఇంకొకరు ఖండించాలి, ఆ తర్వాతే టీ. ఈ నియమం పెట్టింది నేనే. ఎక్కువసార్లు ఖండించేదీ నేనే. జాతకాలు, వాస్తు, దిష్టి గుమ్మడికాయ, అన్నిటినీ అక్కడ ఉతికి ఆరేశాను. ఎదుటి మనిషి మాటకు విలువిస్తేనే ఖండిస్తామని పదేపదే చెప్పాను కూడా.

ఈ మార్చిలో మా ఆవిడ మాట్లాడతానంది. ఎన్నడూ సభలో నోరు విప్పని మనిషి. విషయం, ఇంగ్లండులో మా అమ్మాయి ఇదివరకు ఉద్యోగం చేసిన చిన్న ఊళ్ళో ఒకప్పుడు ఉండేదని చెప్పుకునే కోట. మేమక్కడ ఉన్న చలికాలంలో ఆవిడ మనవరాలిని స్ట్రోలర్‌లో పెట్టుకుని రోజూ ఒక మట్టిదిబ్బ చుట్టూ తిరిగేది. కోట ఉండింది ఆ దిబ్బ మీదేనని పక్కింటి ముసలామె చెప్పింది. ఆ ఊళ్ళో మా ఆవిడకు దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు ఆమె.

"అన్నయ్యగారూ, ఈసారికి వదిలేయండి. రాత్రికి ఇంట్లో అన్నం తినాలిగా," అంది మా సభ జరిగే ఇంటావిడ.

మా ఆవిడ తన ఆధారాలు చెప్పింది. వీధి పేరులో కోట ఉంది. చర్చి గోడలో ఆ కోటవేనని చెప్పే చెక్కడపు రాళ్ళున్నాయి. దిబ్బ సరేసరి.

నేను లేచి, "అక్కడ చలి ఎలా ఉండేది?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఏమండీ, అందరినీ అడిగినట్టే నన్నూ అడగండి. ఇంట్లో గాలిమర అని ఏదో గొణిగారుగా, అది ఇక్కడ చెప్పండి."

చెప్పాను. పూర్వం గాలిమరలు నిలబెట్టడానికీ అక్కడ అలాంటి దిబ్బలు పోసేవారు. వీధికి ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. రాళ్ళు పాత క్రైస్తవ మఠానివి కావచ్చు. కోట పునాదిని ఎవరూ చూడలేదు. ఆవిడ నన్నే చూస్తూ ఒక్కో మాటా శ్రద్ధగా వింది.

"గాలిమరే కావచ్చు. తవ్వి చూసేదాకా కోట ఉందని నేనూ అనను. ఆ పెద్దావిడతో కూడా ఇదే చెబుతాను. ఒప్పుకోదు. టీ పెట్టి మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది," అంది.

ప్రతి వారం మా ఖండనల వేళకు మా ఆవిడ పైన వంటింట్లో ఉండేది. ఆ రోజు టీ నేను పెట్టాను.

"అల్లం ఎక్కువైంది," అంది మొదటి గుక్కకే.

"ఆధారం?"

"తాగి చూడండి," అని కప్పు నా చేతికిచ్చింది.