తన కోడి తినడానికి పారిస్ వచ్చిన గిలేన్

పారిస్‌లోని మా బిస్ట్రో అనే చిన్న హోటల్లో ఇద్దరికి సరిపడే నిండు కోడి రోస్ట్ ధర నూట ఇరవై యూరోలు. "అంత ధరేమిటే, లోపల బంగారం కూరుతారా?" అని మా చెల్లెలు ఇరవై ఏళ్లుగా ఎత్తిపొడుస్తూనే ఉంది. వండేది నేను, ధర పెట్టేది మా యజమాని ఒక్తావ్ అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. కిటికీ పక్కన సినిమావాళ్లు కూర్చుంటారు, వాళ్లను చూడటానికి మిగతావాళ్లు వస్తారు. దాంతో ఒక్తావ్ ఏటా ధర పెంచుతాడు.

నాకు తెలిసిందల్లా ఆ కోళ్లు బ్రెస్ అనే పల్లె ప్రాంతంలో గిలేన్ పెంచినవని. తెల్లటి ఈకలు, నీలం కాళ్లు. పగలంతా పచ్చికలో తిప్పి, పాలల్లో నానబెట్టిన మొక్కజొన్న పెట్టి పెంచుతుంది. అరవై రెండేళ్ల మనిషి. ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు కానీ, ఆమె తిట్లు మాత్రం ప్రతి గురువారం ఫోన్‌లో తిన్నాను. "సొలాంజ్, పోయినసారి పంపినవి ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో పెట్టావు? నిజం చెప్పు!" అని గద్దించేది. నిజమే చెప్పేదాన్ని. ఆవిడతో అబద్ధమాడే ధైర్యం ఎవరికుంటుంది?

ఫిబ్రవరిలో ఆమె ఉత్తరం వచ్చింది. మేనకోడలు ఫోన్‌లో ఒక ఫొటో చూపించిందట. మా కిటికీ దగ్గర ఎవరో నటి నవ్వుతోంది, ఎదురుగా గిలేన్ కోడి ముట్టుకోకుండా అలాగే ఉంది. "నాకు మోకాళ్లు అరిగిపోయాయి. ఫొటోల కోసమైతే ఈ చాకిరీ నావల్ల కాదు. బుధవారం మధ్యాహ్నం వచ్చి తింటాను. ధరకు తగ్గట్టుంటే సోమవారం కొత్త కోడిపిల్లలకు ఆర్డర్ చెప్తాను. లేకపోతే షెడ్డు మూసేస్తాను" అని రాసింది.

ఒక్తావ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ కోడి లేకపోతే మా బిస్ట్రో లేదు. "సొలాంజ్, ఏం చేస్తావో నాకు తెలీదు, ఆవిడ నోరు మూతపడాలి" అన్నాడు. నాకు అప్పుడే అతితెలివి పుట్టింది. నేలలో పుట్టే ఖరీదైన నల్ల పుట్టగొడుగు, ట్రఫుల్, పల్చగా తరిగి కోడి చర్మం కింద వరసగా దోపాను. మహారాణికి వండినట్టు వండాను.

బుధవారం గిలేన్ వచ్చింది. నేను ఊహించుకున్న దానికంటే పొట్టిగా ఉంది. ఆదివారం ప్రార్థనకు వేసుకునే కోటు, మట్టి గీతలు పడిన చేతులు. ఒక్తావ్ ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "డబ్బుల మాటే ఎత్తకండి" అన్నాడు.

"ఊరికే పెడితే బాగోలేదని ఎలా అంటాను? ఇచ్చే తింటాను" అంది గిలేన్.

కోడి బల్ల మీదికి వెళ్లింది. వంటగది తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆమె వంగి వాసన చూసింది. ఫోర్కుతో చర్మం ఎత్తింది. అంతే, పళ్లెం పక్కకు తోసి, "ఎవరే వండింది?" అని హాలంతా వినపడేలా అరిచింది.

చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. నిలబడ్డచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"నువ్వేనా సొలాంజ్‌వి? ఇదేం వాసన? నా కోడి నీకు చాల్లేదా? ఇన్నేళ్లు ఇలాగే కప్పెట్టి అమ్ముతున్నావా?"

"లేదమ్మా! ఇవాళే. మీకని భయపడి..."

పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన దేశమంతా తెలిసిన నటుడు. చేత్తో పట్టుకుని కోడికాలు కొరుకుతున్నవాడల్లా ఆగి, "నాది మామూలుగానే వండారమ్మా, కాస్త తీసుకోండి" అన్నాడు. అతనెవరో గిలేన్‌కు తెలియదు. "నువ్వు తిను నాయనా, చల్లారిపోతుంది" అని, వేళ్లకు అంటిన వెన్న నాకుతున్న అతన్ని కాసేపు అలాగే చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఇంకోటి పెట్టు. ఉప్పు, వెన్న. అంతే" అంది.

మళ్లీ పెట్టాను. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను పొయ్యి ముందు నుంచి కదల్లేదు. ఇరవై ఏళ్లలో అంత భయంగా, అంత ఇష్టంగా ఎప్పుడూ వండలేదు. ఈసారి కోసి పెట్టడానికి ఎవర్నీ పంపలేదు, నేనే వెళ్లాను.

గిలేన్ మొత్తం తింది. ఎముకలు కూడా వదల్లేదు. రొట్టెముక్కతో పళ్లెం అద్దంలా తుడిచింది. ఒక్తావ్ ఆమె వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"ధర ఎక్కువే" అంది చివరికి.

నేను ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకున్నాను.

"ముప్పై ఎనిమిదేళ్లు సొలాంజ్. మంచివన్నీ మీకు పంపి, ముసలివీ కాలు విరిగినవీ మేం వండుకున్నాం. ఇంకొకరు వండి, ఇలా ముందు పెట్టి, తినమంటే... నేను పెంచింది ఇంత బాగుంటుందని నాకే తెలీదే!" ఆమె కళ్లు తడిశాయి. దాచుకోలేదు కూడా.

"మరి కోడిపిల్లలు?" అని భయపడుతూనే అడిగాను.

"సోమవారం చెప్తా. ఎదగడానికి నాలుగు నెలలు పడుతుంది. జూన్ ఆఖర్లో మా ఆయన గస్తోన్‌ని తీసుకొస్తా. పాపం, ఆయనకీ తెలీదు."