శుభలేఖల వెనక ఫిజీ

మాస్టారు పోయేరని దేవరాపల్లి క్లాస్‌మేట్ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖలో రైతు సంఘం మీటింగులో ఉన్నాను. ముందు దుఃఖం రాలేదు, భయమేసింది. ఆయన చీటీలేమవుతాయి?

చోడవరం హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన మాస్టారు, రిటైరయ్యేక పసిఫిక్ ద్వీపాల భాషలు పట్టుకున్నారు. ఇంటికొచ్చిన ప్రతి శుభలేఖనీ దాచి, వెనక ఖాళీలో ఆ భాషల్లో ఒక్కో వాక్యం రాసేవారు. అవే ఆయన చీటీలు. అన్నీ క్రియ లేని వాక్యాలే. ఫిజీలో 'నాకో ఇల్లుంది' అనడానికి 'ఒకటి, నా ఇల్లు' అంటే చాలట. "మనమూ 'ఆయన మా నాన్న' అని ఆగిపోతాం కదా బాబూ. వాళ్ళు ఇంకాస్త దూరం వెళ్ళేరు" అని మురిసిపోయేవారు. అవి అరకొర భాషలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకొనేవారు కాదు. "కొరత వాక్యంలో లేదు, వినేవాడి చెవిలో ఉంది" అనేవారు.

నేనూరుకుంటానా? చెరుకు రైతు రోడ్డెక్కి కూర్చుంటే ఈ ముచ్చట ఎవడిక్కావాలని పోట్లాడేను.

"మన చుట్టుపక్కలోళ్ళని చెరుకు నరకడానికి తెల్లోళ్ళు ఓడెక్కించింది ఎక్కడికిరా? ఫిజీకే కదా. దిగినోడు ఆ ఊరోళ్ళతో ఏటి మాట్లాడేడో నీకక్కర్లేదా? ఉపన్యాసాలు తగ్గించి ఇవి ఫొటోలు తియ్యి" అన్నారు మాస్టారు.

తీస్తానన్నాను. రెండేళ్ళు మీటింగులకి తిరిగేను.

మర్నాడు ఆయనింటికి చేరేసరికి అలమరా ఖాళీ. మాస్టారి అక్కగారు అరుగు మీద ఉన్నారు.

"మైలింట్లో శుభలేఖలేటి బాబూ? తీయించీసేను."

మైల మీద నేను రాసిన వ్యాసాలన్నీ నోటిదాకా వచ్చేయి. "వెనకవైపు ఆయన రాతలున్నాయమ్మా. అన్నేళ్ళ పని" అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "తిప్పి సూడలేదు నాయనా. పసుపెట్టిన కాయితం పారీకూడదని పక్కింటోళ్ళ పశువుల సాలలో ఎట్టించేను."

ఎవర్ని తిట్టను? ఆవిడ ఒక్కరోజు చూడలేదు. నేను రెండేళ్ళు చూడలేదు.

వెళ్ళి చూస్తే, ముందు రాత్రి వానకి సాల కప్పు కారింది. సగం చీటీల్లో సిరా చెదిరింది. ఏ వాక్యం ఏ ద్వీపానిదో అలమరాలో ఆయన పేర్చిన వరసని బట్టే తెలియాలి, ఆ వరసా పోయింది.

ఇప్పుడు వాటిని తెచ్చి మా మేడ మీద ఆరడానికి పరిచేను. పసుపు మూలలు కిందికి, అక్షరాలు పైకి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. చీడికాడ వైపు మబ్బు దిగుతోంది. గాలికి చీటీల అంచులు లేస్తున్నాయి. ఒకటి ఫొటో తీసి, రెండోదాని మీదికి వంగుతున్నాను.